అడగకుండా తీసిన జుట్టు

నిత్య తిరుత్తణికి తిరిగొచ్చి నలభై రోజులైంది. సూడాన్ యుద్ధం నుంచి ప్రాణాలు చేతబట్టుకుని సరిహద్దు దాటి చాద్ దేశంలోకి వచ్చినవాళ్ళ శిబిరంలో, టార్పాలిన్ గుడారాల ఆసుపత్రిలో ఎనిమిది నెలలు నర్సుగా పనిచేసి వచ్చింది. చెన్నైలో విమానం దిగిన రోజున భర్త శ్యామ్‌సుందర్ చెయ్యి చాపి, “ఇంక పోనని చెప్పు” అన్నాడు. అతని చేతిలో చెయ్యేసి “పోను” అంది.

పోయిన గురువారం ఆ శిబిరంలో తనతో పనిచేసిన ఎస్తేర్ రాసిన ఉత్తరం ఫోన్లోకి వచ్చింది. మరో ఆరు నెలలకు రమ్మని అడిగింది. సోమవారం సాయంత్రంలోగా బదులు చెప్పాలి. చివర్లో రెండే వాక్యాలు విడిగా రాసింది: “హవా జుట్టు ఒక వేలి మందం పెరిగింది. మొన్న మొదటిసారి నోరు తెరిచి, నా జుట్టు తీసినామె ఏదీ అని అడిగింది.”

నిత్య ఈ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఈ రోజు ఆదివారం.

* * *

పేన్ల దువ్వెన కనబడలేదు.

“ఈడనే, అద్దం వెనకాల. పద్దెనిమిదేండ్లుగా దాని చోటు అదే,” అంది వనజాక్షి. “నువ్వొచ్చినాక ఈ ఇంట్లో ఏ వస్తువూ దాని చోట్లో లేదు మే. మందులకొక డబ్బా, దారాలకొక డబ్బా, అన్నింటికీ చీటీలు. పేన్ల దువ్వెనకి మాత్రం చీటీ అంటించలా.”

“నేను తియ్యలేదత్తా.”

“మరి దానికి కాళ్ళొచ్చినాయా?”

వనజాక్షి నిత్యకు అత్తగారు కాకముందే మేనత్త. పళ్ళిపట్టులో అన్న ఇంటి మగ్గాల మధ్య ఈ పిల్లకు నడక నేర్పింది ఆమే. అందువల్ల ఈ ఇద్దరి పోట్లాటల్లో మొహమాటం ఉండదు.

తొమ్మిదేళ్ళ తనుశ్రీ పెరటి మెట్టు మీద జుట్టు విరబోసుకుని, రెండు చేతులతో తల గోక్కుంటూ కూర్చుంది. “ఇవి నావి కాదవ్వా. బళ్ళో నా పక్కన కూర్చునే కోకిలవి.”

“ఎవరివైతే ఏమి? ఇప్పుడు నీ తలలో కాపురం పెట్టినాయి గదా.”

వనజాక్షి వంటింటి అరలన్నీ తీసింది. బీరువా కింద వంగి చూసింది. ఆఖరికి భర్త నటరాజు అంగడికి పట్టుకుపోయే సంచి బోర్లించింది. నమూనా చీరల మడతల్లోంచి దువ్వెన జారి కింద పడింది.

“ఇదేమి?” అంది, దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

నటరాజు తమిళ పేపరు మీంచి కళ్ళు ఎత్తలేదు. “చీరె కుచ్చులు చిక్కు పడతా ఉండాయి. దాంతో దువ్వితే నీళ్ళ మాదిరి జారతాయి.”

“మూడు తరాలుగా నేసిన ఇంట్లో పేన్ల దువ్వెనతో చీరె దువ్వే మనిషిని ఇప్పుడే చూస్తాండా. చీరెకొక పేను ఉచితమని అంగడి ముందర బోర్డు పెట్టు.”

“నెల దినాలుగా దువ్వెన నా దగ్గరే ఉండె గదా. పేన్లు బళ్ళో నుంచే వచ్చినాయని తేలిపోయింది. దానికైనా సంతోషపడు.”

తనుశ్రీ పగలబడి నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ నిత్య కూడా నవ్వింది. వనజాక్షి నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకుని, దువ్వెనను వేడినీళ్ళలో ముంచి, విదిలించి, కోడలి ముందు చాపింది.

“ఇందా, దువ్వు.”

నిత్య నవ్వు ఆగిపోయింది. చెయ్యి ముందుకు రాలేదు.

“పప్పు అడుగంటుతుందేమో చూస్తానత్తా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

పొయ్యి కట్టేసి పావుగంట అయిందని వనజాక్షికి తెలుసు. ఆమె ఒక్క క్షణం గుమ్మం వైపు చూసి, మనవరాలి వెనక తనే కూర్చుంది.

“సరి, ఇంక అయిదు దినాలే. శుక్రవారం కృత్తిక. రంజని బిడ్డకి కొండ మీద స్వామి గుళ్ళో మొట్ట కొట్టేటప్పుడు నీకూ కొట్టించేస్తే పేన్లూ పోతాయి, నా మొక్కూ తీరుతాది.”

రంజని శ్యామ్‌సుందర్ చెల్లెలు, తిరువళ్ళూరులో ఉంటుంది. ఆమె బిడ్డకు ఇది మొదటి గుండు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి కనుక, శుక్రవారం శ్యామ్‌సుందర్ ఆఫీసుకు సెలవు పెట్టాడు. అంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. మిగతాది ఎవరికీ తెలియదు.

“నాకెందుకు? ఏం మొక్కు?” అంది తనుశ్రీ.

“మీయమ్మ ఆ యుద్ధం జరిగే తావుకి పోయిన దినం మొక్కినా. నా కోడలు కాలూ చెయ్యీ బాగుండి ఇల్లు చేరితే నా మనవరాలి జుట్టు నీకిస్తా స్వామీ అని. చేరింది గదా? ఇచ్చేయాల.”

తనుశ్రీ జుట్టంతా రెండు చేతుల్లోకి లాక్కుని గుండెలకు అదుముకుంది. “నన్నడిగినావా?”

“స్వామికిచ్చేదానికి అడుగుతారా ఎవరన్నా? మీ నాయనకి మూడు తూర్లు కొట్టించినా. మీ రంజనత్తకి రెండు తూర్లు. ఒక్కరూ అడగలా. జుట్టే గదే, పెరుగుతాది.”

తనుశ్రీ లేచి పరిగెత్తింది. లోపలి గది తలుపు దబ్బున మూసుకుంది, గడియ పడింది.

“దాని తల ముట్టొద్దత్తా!”

నిత్య గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎన్నడూ వినబడలేదు. నటరాజు పేపరు దించాడు. నిత్య వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

“మొక్కు మే, అది. వద్దంటే ఎట్లా?”

“వద్దు. దాన్ని అడగకుండా వద్దు.”

వనజాక్షికి కోపం రావలసింది. కానీ ఆమె కోడలి మొహం చూస్తూ ఉండిపోయింది. ఆ మొహం మీద ఉన్నది ఎదిరింపు కాదని ఆమెకు తోచింది.

“నువ్వొచ్చి నలభై దినాలు,” అంది మెల్లగా. “ఒక్క దినమన్నా నీ బిడ్డ తల దువ్వలా. నేనే జడలేసి బడికి పంపిస్తా ఉండా. అలసిపోయొచ్చింది, పోనీలే అనుకున్నా. ఇప్పుడు దువ్వెన చేతికిస్తే పామును చూసినట్టు చూస్తివి. ఏం జరిగింది ఆడ?”

నిత్య గుమ్మం మీంచి చెయ్యి తీసింది.

వనజాక్షి నూనె గిన్నె తెచ్చుకుని పెరటి మెట్ల మీద పైమెట్టున కూర్చుంది. “ఇట్లా రా. కింద కూర్చో.”

“నా తలకెందుకత్తా ఇప్పుడు?”

“సుమ్మా, ఊరికే కూర్చో. నూనె పూయనా అని అడుగుతాండా. సరేనా?”

నిత్య కూర్చుంది. నటరాజు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, వీధి వైపు అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

నూనె గోరువెచ్చగా ఉంది. అత్త వేళ్ళు కుదుళ్ళలో నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఒకరి మొహం ఒకరికి కనబడదు. ఎదురుగా తీగ మీద ఆరేసిన తనుశ్రీ స్కూలు బట్టలు గాలికి ఊగుతున్నాయి. నిత్య వాటితో చెబుతున్నట్టుగా మొదలుపెట్టింది.

“తొమ్మిదేండ్ల పిల్ల అత్తా. మన తనుశ్రీ ఈడు. పేరు హవా. ఒళ్ళు కాలిపోతా ఉంటే వాళ్ళమ్మ ఎత్తుకోనొచ్చింది. తల నిండా సన్నసన్న జడలు, ఎన్నో లెక్క పెట్టలేము. మూడు నెలలుగా విప్పలేదంట. లోపలంతా పేన్లు, పుండ్లు, చీము. జ్వరం దాని వల్లనే. బయట రెండు వందల మంది నిలబడుండారు. మా మాటలు వాళ్ళకి, వాళ్ళ మాటలు మాకు చెప్పే జహరా ఇంకో గుడారానికి పోయుండాది.”

“ఊఁ.”

“వాళ్ళమ్మ ఏదో చెప్తా, రెండు చేతులూ బిడ్డ తల మీద పెట్టుకునింది. పేన్లుండాయని సిగ్గుపడతా ఉండాదనుకున్నా. జహరా వచ్చేదాకా ఆగలేదు. చేత్తోనే చూపించినా, తీసేస్తాము, మళ్ళీ పెరుగుతాది అని. మాతో పనిచేసే అబ్బాయి పది నిమిషాల్లో గుండు చేసేసినాడు. పుండ్లు కడిగినా. మందేసినా. నాలుగు దినాల్లో జ్వరం పోయింది. మంచి పని చేసినాననే అనుకున్నా.”

“మంచిదే గదా చేసినావు?”

“జహరా వచ్చినాక తెలిసింది.” అంది నిత్య. “ఆ జడలు అల్లింది వాళ్ళ అవ్వ. ఊరు విడిచి పరిగెత్తే ముందు దినం సాయంత్రం అల్లిందంట. ఆమె నడవలేదు. ఆమెను మొయ్యాలంటే పిల్లల్ని విడిచిపెట్టాల. నన్ను ఇంట్లోనే ఉంచి పోండని ఆమే చెప్పిందంట. పిల్లకి మాత్రం ఒక మాట చెప్పింది. నేనొచ్చేదాకా ఈ జడలు విప్పొద్దు, నేనే వచ్చి విప్పుతా అని.”

అత్త వేళ్ళు ఆగిపోయాయి.

“జడలేమైనాయి?”

“కట్టు గుడ్డలతో పాటు గుంతలో వేసి కాల్చేసినారు. అక్కడ నియమం అట్లా. వాళ్ళమ్మ ఆ గుంత దగ్గరికి పోయి కూర్చునింది. పిల్ల ఏడవను కూడా లేదు. తల మీద గుడ్డ కప్పుకునింది, నోరు మూసుకునింది. అంతే. ఆ తర్వాత పదహారు దినాలు ఉండినా నేను. రోజూ పోయినా. నన్ను చూస్తే గుడారం గుడ్డ వైపు తిరిగిపోయేది.”

వీధిలో కొళాయి నీళ్ళు వచ్చినట్టున్నాయి, బిందెల చప్పుడు వినబడింది. వనజాక్షి కదలలేదు.

“మన ఊర్లో పెరిగినదాన్ని గదత్తా. బయటికి పోతే చాలు, గంధం పూసిన గుండ్లే కనబడతాయి. ఏడిచే బిడ్డ నోట్లో ఇంత చక్కెర పోస్తే అయిపోతాది. గుండు అంటే మనకి మంచి జరిగినట్టే. ఆ పిల్ల తల మీద కత్తి పెట్టేటప్పుడు నా మనసులో ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలా. వేరే ఊరి నర్సైతే జహరా కోసం ఆగుండునేమో. నేను ఆగలా. జుట్టే గదా, పెరుగుతాదన్నా. ఇందాక నువ్వన్నావే, అదే మాట.”

చీర నేతలో తప్పు ఎక్కడ పడిందో వెతికినట్టు, వనజాక్షి ఒకే ప్రశ్న అడిగింది. “వేరే దారి ఉండిందా?”

“ఉండింది. మందు పూసి, వాళ్ళమ్మ చేతనే ఒక్కొక్క జడా విప్పించుంటే సరిపోయేది. రెండు గంటలు పట్టేది. లేదా, తీసిన జడలన్నా ఒక సంచిలో పెట్టి ఆమె చేతికిచ్చుండొచ్చు. దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. నాకు తోచలా.”

“పెద్దవాళ్ళు ఎవరూ తిట్టలేదా నిన్ను?”

“ఎస్తేర్ అని ఒకామె ఉండాది. కెన్యా నుంచి వచ్చింది. మనసు చెదిరినవాళ్ళ దగ్గర కూర్చోవడమే ఆమె పని. తిట్టలా. ‘తలకు వైద్యం జరిగింది నిత్యా, పిల్లకు జరగలా’ అనింది. ఆమె దేనికీ తొందరపడదత్తా. ఏమైంది, ఎవరు పోయినారు అని అడగదు. మధ్యాహ్నం ఒక గుడారం నీడలో కాఫీ పెడుతుంది. ఆడవాళ్ళంతా వచ్చి ఒకరి తల ఒకరు అల్లుకుంటా కూర్చుంటారు. అల్లుకుంటా అల్లుకుంటా, వాళ్ళే చెప్పుకుంటారు. నేను ఆ పక్కనుంచి మందుల పెట్టె ఎత్తుకోని పోతా ఉండేదాన్ని. వీళ్ళకి పనేం లేదా అనుకునేదాన్ని.”

ఆమె అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. వనజాక్షి ఏడవొద్దని అనలేదు. నూనె చేతులతోనే కోడలి తలను తన మోకాలికి ఆనించుకుని, అలాగే ఉంచుకుంది.

“ఆ అవ్వ ఏమైంది?”

“తెలీదత్తా.”

“తెలీదా,” అంది వనజాక్షి. తన అరచేతులు తిప్పి ఒకసారి చూసుకుంది. ఆ తర్వాత నిత్య జుట్టును మూడు పాయలు చేసి, ఎప్పుడూ లేనంత నింపాదిగా జడ అల్లింది. చివర ముడి వేశాక కూడా కాసేపు జడను చేతిలోనే ఉంచుకుంది.

“పో, దాని దగ్గరికి. తలుపు తోసుకోని పోవద్దు. తట్టు.”

* * *

నిత్య తలుపు తట్టింది. రెండోసారి తట్టాక గడియ తీసిన చప్పుడు వినబడింది.

తనుశ్రీ మంచం మూలకు వెళ్ళి మళ్ళీ జుట్టు పట్టుకుని కూర్చుంది. కిటికీ పెరట్లోకి తెరిచే ఉంది. నిత్య అది గమనించింది.

“నీ తల దువ్వనా?”

తనుశ్రీ అనుమానంగా చూసింది. “ఏం, అడుగుతాండావు?”

“అడగాల.”

“వద్దంటే?”

“వద్దంటే దువ్వను. కానీ కోకిల పేన్లు మాత్రం సంతోషపడతాయి.”

తనుశ్రీకి నవ్వు వచ్చింది, ఆపుకుంది. మెల్లగా జరిగి వీపు తిప్పి కూర్చుంది. “మొట్ట కాదు గదా?”

“కాదు. నీ తల నీది.”

నిత్య దువ్వెన తీసుకుంది. మొదటి పాయ విడదీయడానికి చాలాసేపు పట్టింది. రెండో పాయకు కొంచెం తగ్గింది. పాయ పాయకూ ఆగి, “నొప్పిగా ఉందా?” అని అడిగింది. పది సార్లకు తనుశ్రీ విసుక్కుంది. “అమ్మా, ఇన్ని తూర్లు అడగొద్దు. నొప్పైతే నేనే అరుస్తా గదా.”

అలా సగం తల అయింది. పరిచిన తెల్లగుడ్డ మీద పడ్డ పేన్లను తనుశ్రీ లెక్క పెడుతోంది. పద్నాలుగు దగ్గర ఆగి, తల ఎత్తకుండానే అంది: “ఆ పిల్లకి ఇప్పుడు జడ రాదు గదమ్మా? ఒక వేలి మందమే గదా పెరిగింది.”

దువ్వెన ఆగిపోయింది.

పెరట్లో అత్తతో ఎన్నో చెప్పింది. ఒక వేలి మందం సంగతి మాత్రం చెప్పలేదు. అది ఉత్తరంలోనే ఉంది.

“తనూ,” అంది నిత్య. “నా ఫోన్ చూసినావా?”

తనుశ్రీ మెడ వెనక వరకూ ఎర్రబడింది. “నేను గేమ్ కోసం తీసినా. అది పైనే ఉండె. ఇంగ్లీషులో ఉంటే చదివినా.”

“ఎవరికన్నా చెప్పినావా?”

జవాబు రాకముందే వంటింటి నుంచి వనజాక్షి పిలిచింది. “అన్నానికి రాండి అందరూ. మీ నాయన వచ్చేసినాడు.”

* * *

శ్యామ్‌సుందర్ శుక్రవారానికి వ్యాను మాట్లాడి వచ్చాడు. “దండపాణి తెల్లారి ఆరింటికే వస్తానన్నాడు,” అంటూ చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చుని, గిన్నెల మూతలు తీసి చూశాడు. వంకాయ కారపు పులుసు, రసం, అప్పడాలు. “ఆదివారం కూడా కోడి లేదా మా?”

“మొక్కున్న వారం. శుక్రవారం దాకా నోరు కట్టుకో.”

“మొక్కు నీది, పస్తు నాది.”

“పస్తా? నాలుగు వంకాయలు ముందే కంచంలో వేసుకోని పస్తంటాండావా?”

అందరూ నవ్వారు. నిత్య మజ్జిగ గిన్నె తెచ్చి పెట్టి తనుశ్రీ పక్కన కూర్చుంది. కూతురి తల దువ్వి, రెండు జడలు వేసి ఉంది. శ్యామ్‌సుందర్ ఆ జడలను చూశాడు, నిత్యను చూశాడు. అతని మొహం విప్పారింది.

రోజూ అందరికీ వడ్డించి ఆఖర్న తినే వనజాక్షి, ఈ రోజు తనకూ ఒక కంచం పెట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక చెప్పింది.

“శుక్రవారం తనుశ్రీకి మొట్ట లేదు.”

“మొక్కు ఏమయ్యేది?” అన్నాడు నటరాజు.

“మొక్కింది నేను. దాని తల మీది జుట్టు నాదని చెప్పి మొక్కినా, అది తప్పు. ఇచ్చేది నా జుట్టే. కొండ మీద నేనే కొట్టించుకుంటా.”

నటరాజుకు పొలమారింది. నీళ్ళు తాగి, తేరుకుని, భార్య వైపు చూశాడు. అరవై రెండేళ్ళ వనజాక్షి ముడి ఇప్పటికీ పిడికిట్లో పట్టదు. “నీకా? మొట్టా?”

“ఏం, నీకు బట్టతల బాగుండాది గదా?”

“నాది ఆ స్వామి అడక్కుండానే తీసుకున్నాడు.”

ఈసారి నిత్యకు కూడా నవ్వు ఆగలేదు. తనుశ్రీ మాత్రం అవ్వ మోచెయ్యి పట్టుకుంది. “నీకు నిజంగా ఇష్టమేనా అవ్వా?”

“అడిగినావు చూడు, అది చాలు. ఇష్టమే.” వనజాక్షి మనవరాలి కంచంలో ఇంకో అప్పడం వేసింది. తర్వాత నిత్య వైపు తిరిగింది. “ఇంకొక మాట ఉండాది మే. నిన్ను పొమ్మని నేను చెప్పను, వద్దని కూడా చెప్పను. పోతావా అని అడుగుతాండా, అంతే. పోయేదిగా ఉంటే మళ్ళీ మొక్కుకుంటా. ఇచ్చేదానికి నా తల మీద జుట్టుండాల గదా? మొట్ట మీద జుట్టు దువ్వెనకు అందాలంటే ఆరు నెలలు. సరిగ్గా ఆరు నెలలకి ఇల్లు చేరాల. దాని మీద ఒక్క దినం కూడా ఒప్పుకోను.”

తనుశ్రీ తల వంచుకుని అప్పడాన్ని ముక్కలు ముక్కలుగా తుంచుతోంది. ఎవరికన్నా చెప్పినావా అన్న ప్రశ్నకు నిత్యకు జవాబు దొరికింది, అవ్వకు చెప్పేసింది.

“ఏ ఆరు నెలలు?” అన్నాడు శ్యామ్‌సుందర్. అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “ఏడికి పోయేది? ఏం చెప్తాండావు మా?”

వనజాక్షి కొడుకుకు జవాబు చెప్పలేదు. అది తను చెప్పవలసింది కాదన్నట్టు కోడలి వైపే చూస్తూ ఉంది.

“నేను చెప్తానత్తా,” అంది నిత్య. కంచం కొంచెం పక్కకు జరిపింది. “గురువారం ఉత్తరం వచ్చింది బావా. మళ్ళీ ఆ శిబిరానికే. ఈసారి ఎస్తేర్ పక్కన కూర్చునే పని. నీకు చెప్పకుండా మూడు దినాలు దాచినా, అది నా తప్పు. అక్కడ ఒక పిల్ల నన్ను అడుగుతా ఉండాది. ఎందుకో సాయంత్రం నీకంతా చెప్తా.” ఊపిరి తీసుకుంది. “నేను పోతాండా.”

అరుగు మీద కాకి అరిచింది.

శ్యామ్‌సుందర్‌కు కోపం వస్తుందని తనుశ్రీ ఎదురుచూసింది. రాలేదు. అతను రసం అన్నం అంటిన తన కుడిచేతిని మెల్లగా తిప్పి, అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆ చేతినే నిత్య ముందు చాపాడు.

“ఈ చేతిలోనే గదా నిత్యా,” అన్నాడు, “పోనని చెప్పినావు?”